అడుగుల మాస్టారి పరదేశయాత్ర

సినిమాలో హీరో మెట్లు దిగుతున్నప్పుడు వినబడే టకటకలు హీరోవి కావు. షూటింగులో ఆయన కాళ్ళు నడుస్తాయి గాని ఆ చప్పుడు ఎవరూ పట్టించుకోరు. తరవాత ఓ మూసిన గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ, ఇంకెవరో ఆ నడక నడిచి పెట్టాలి. పాతికేళ్ళకు పైగా ఆ ఇంకెవరో మన మనిషే. స్టూడియోలో అందరూ ఆయన్ని అడుగుల మాస్టారు అంటారు.

ఆయన పనిగది మొదటిసారి చూసినవాళ్ళు పాతసామాన్ల కొట్టు అనుకుంటారు. నేల మీద గళ్ళు గళ్ళుగా ఇసుక, కంకర, ఎండుటాకులు, చెక్కపలకలు, ఓ పాలరాతి బండ. గోడవారన చెప్పుల గుట్ట, పోలీసు బూట్ల నుంచి ఎత్తుమడమల జోళ్ళ దాకా. అంత గుబురు మీసాల మనిషి ఆ ఎత్తుమడమల జోళ్ళలో కాళ్ళు దూర్చి, నడుం ఓ పక్కకి వంచి, హీరోయిన్ అలిగి వెళ్ళిపోయే నడక నడుస్తుంటే కొత్తగా చేరినవాళ్ళు నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తేవారు. రికార్డింగు విన్నాక మాత్రం ఎవరూ నవ్వేవారు కారు.

వందల సినిమాలు చూశాడు మహానుభావుడు, అన్నీ మోకాళ్ళ కిందే. పెళ్ళాం ముచ్చటపడి అడిగేది.

“కథేంటండీ?”

“హీరోకి తోలు బూట్లు. విలన్‌కి రబ్బరు అడుగు. ఆఖర్న వానలో ఫైటు. నా కాళ్ళు నానిపోయాయనుకో.”

“అది కథా?”

“మరి?”

కుదురుగా కూర్చోవడం కూడా ఆయనకి చేతకాదు. అరికాళ్ళలో చక్రాలున్నట్టు ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి తిరుగుతూనే ఉంటాడు. అన్నం తినేటప్పుడు టేబుల్ కింద కాలు ఆడుతూనే ఉంటుంది. “ఆపండి బాబూ, టేబుల్ లేచి వెళ్ళిపోయేట్టుంది” అని ఆమె రోజూ మొత్తుకునేది. అయినా ఆమెకి ఆయనంటే లోలోపల గర్వమే. ఎందుకంటే ఎవరొచ్చినా ఆయన ఒక మాట చెప్పేవాడు: “నా హీరోయిన్లందరిదీ మా ఆవిడ నడకే. పెళ్ళయిన కొత్తలో వంటింట్లోంచి ముందుగదిలోకి వచ్చేది చూడండి, టపటపా, తేలిగ్గా, నేలకి తగిలీ తగలనట్టు! అదే ఇంతకాలంగా అమ్ముకు తింటున్నాను.” అందరూ నవ్వేవారు. ఆమె మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళేది.

ఓ సినిమా బాగా ఆడిందని దాని నిర్మాతకి సంబరం పట్టలేక, పనిచేసిన నలుగురిని భార్యలతో సహా పరదేశం పంపాడు. అలా మాస్టారు మొదటిసారి విమానం ఎక్కాడు. ముందు సీటుకున్న చిన్న తెర మీద ఆమె ఏదో సినిమా పెట్టుకుంది. భాష రాదు, అయినా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“ఎందుకేడుస్తున్నావ్?”

“ఆ పెద్దావిడ చూడండి. ఎంత బాధపడుతోందో ఎవరికీ చెప్పుకోదు.”

మాస్టారు వంగి, ఆమె చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్ ఒకటి లాక్కుని విన్నాడు. “తప్పు పెట్టారే! గచ్చు మీద ఆ చప్పుడు రాదు.” ఆమె కళ్ళు తుడుచుకుని కిటికీ వైపు తిరిగింది. నాకైతే ఆ క్షణాన ఆయన నెత్తిన ఒక్కటి మొట్టాలనిపిస్తుంది.

దిగిన ఊళ్ళో మంచు కురుస్తోంది. మాస్టారికి పండగే అయింది. ఇన్నేళ్ళూ సినిమాల్లో మంచు మీద నడకలకి ఆయన పిండి నింపిన గుడ్డసంచి పిసుకుతూ వచ్చాడు. ఇప్పుడు అసలు మంచు మీద కాలు వేసి, “అచ్చం నా పిండిమూటే!” అని వీధిలో గంతులేశాడు. అక్కణ్ణుంచి ఆగితే ఒట్టు. బస్సు తలుపు, లిఫ్టు గంట, పావురాల రెక్కలు, కనబడ్డదల్లా ఫోన్లో రికార్డు చేస్తూ ముందు పరుగు. ఆమె వెనక. ఒక్కసారైనా తల తిప్పి చూడడు. “చూడ్డమెందుకు? నీ అడుగు వినబడుతూనే ఉందిగా” అంటాడు.

మూడోనాడు మధ్యాహ్నం పెద్ద రైల్వేస్టేషన్‌కి వెళ్ళారు. మిగతావాళ్ళు షాపింగుకి పోయారు. రైళ్ళు, గంటలు, చక్రాల పెట్టెలు, వెయ్యి జతల బూట్లు. మాస్టారు ఫోను ఎత్తి పట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తున్నాడు. వెనక టపటపా అడుగులు వస్తూనే ఉన్నాయి.

“ఇదిగో, ఆ ఇంజను దగ్గడం విన్నావా?” అని సంతోషంగా వెనక్కి తిరిగాడు.

ఇరవయ్యేళ్ళ పిల్ల, ముక్కూమొహం తెలీని పిల్ల, బెదిరిపోయి పక్కకి తప్పుకుంది.

వెనక పెళ్ళాం లేదు. ఆమె దగ్గర ఫోను లేదు, అది ఆయన సంచిలోనే ఉంది. డబ్బులూ, హోటలు చీటీ కూడా సంచిలోనే. ఆమెకి ఆ దేశపు భాష ఒక్క ముక్క రాదు. మాస్టారు కాలుగాలిన పిల్లిలా ఆ ప్లాట్‌ఫారం నుంచి ఈ ప్లాట్‌ఫారానికి, మెట్లెక్కి మెట్లు దిగి తిరిగాడు. నిలబడి చెవులు రిక్కించాడు. అన్ని అడుగుల్లో ఆ ఒక్క అడుగు లేదు.

చివరికి విచారణ కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చీరాని ఇంగ్లీషులో గోడు చెప్పుకున్నాడు. యూనిఫాం వేసుకున్న ఉద్యోగిని ఓపిగ్గా విని, తన కోటు మీద వేలు పెట్టి చూపించింది. ఏం రంగు?

రంగు! ఆ కోటు ఈ ప్రయాణం కోసం ఆయనే పక్కనుండి కొనిపెట్టాడు. జిప్పు ఎలా మోగుతుందో గుర్తుంది. రంగు గుర్తు లేదు.

ఫోటో ఉందా అని అడిగిందావిడ. మాస్టారు ఫోను తీసి కిందికీ పైకీ జరిపాడు. తలుపులు, గంటలు, పావురాలు, వందల చప్పుళ్ళు. పెళ్ళాం బొమ్మ ఒక్కటి లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇక చేసేదేం లేక, తనకి తెలిసిందొకటే చేశాడు. ఆ పాలరాతి నేల మీద, అందరి ముందూ, ఆమె నడక నడిచి చూపించాడు. టపటపా, తేలిగ్గా, నడుం కాస్త ఊపుతూ. “ఇలా నడుస్తుంది! ఇలా!” చుట్టూ జనం మూగారు. ఎవరో చప్పట్లు కొట్టారు. మాస్టారికి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, కాళ్ళు మాత్రం ఆగడం లేదు.

“ఎవరి నడకండీ అది?”

గుంపులోంచి తెలుగు. ఆమె! ఒక చేత్తో కిటికీ అరుగు పట్టుకుని నిలబడి ఉంది. కోటు ఆకుపచ్చ.

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. “ఎక్కడికి పోయావే? నా వెనకే వస్తున్నావుగా!”

“మోకాలు పట్టేసింది. ఆగమని పిలిచాను, రెండుసార్లు. మీరు వెళ్ళిపోయారు. తప్పిపోతే ఉన్నచోటే ఉండాలంటారని అక్కడే ఓ బెంచీ మీద కూర్చున్నాను. ఇక్కడ జనం మూగితే మీరేనేమోనని వచ్చా.”

“మోకాలా? ఎప్పట్నుంచి?”

“రెండేళ్ళయింది. ఎడమకాలు ఈడుస్తున్నాను.” ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయనకి భరించరానిదైంది. “మీరిప్పుడు నడిచింది పెళ్ళినాటి నడక. నాకు చూస్తుంటే ముద్దొచ్చింది కూడా. కాని అలా నడిచే మనిషి ఇప్పుడు లేదండీ.”

“మరి చెప్పలేదేం?”

“లోకంలో అందరి అడుగులూ వినే మనిషికి, నేను చెప్పాలా?”

మాస్టారికి తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిరుగు ప్రయాణమంతా ఆమె వెనకే నడిచాడు. ప్రతి మెట్టు దగ్గరా “నొప్పా? నొప్పా?” అని అడిగి అడిగి ప్రాణం తీశాడు. “మీరడగనప్పుడే నయంగా ఉండేది” అని ఆమె విసుక్కుంది.

ఊరు చేరాక స్టూడియోలో అందరూ చుట్టుముట్టారు. “పరదేశంలో ఏం నేర్చుకున్నారు మాస్టారూ?” ఆయన మంచు సంగతి చెప్పాడు, పిండిమూట సంగతి చెప్పాడు, నవ్వించాడు. తెర మీద ఎవరో హీరోయిన్ మెట్లెక్కుతోంది. జోళ్ళు తొడుక్కున్నాడు. రెండడుగులు వేశాడు, మూడోది పడలేదు. మళ్ళీ మొదలెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగిపోయింది. జోళ్ళు విడిచేసి, పట్టపగలు, పని మధ్యలో ఇంటికి వెళ్ళిపోయాడు. ఆమెని ఆటో ఎక్కించి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

“ఆ గోడ దాకా ఓసారి నడవండమ్మా” అన్నాడు డాక్టరు.

ఆమె లేచింది. కుర్చీలో కూర్చున్న మాస్టారు, ఈసారి ఒక్క అడుగు కూడా పోగొట్టుకోకూడదని, ఊపిరి బిగబట్టి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది.

“కళ్ళు తెరవండి” అంది.

తెరిచాడు. ఆమె గోడ వైపు నడుస్తోంది. ఎడమకాలు మోపిన ప్రతిసారీ, చప్పుడు లేకుండా, కింది పెదవి కొరుక్కుంటోంది.