ఆడపడుచు గదిలో జిలేబీ

కలకత్తాకి రైలు దూరంలో ఉన్న మలంచాలో మా పక్కిల్లు గుజరాత్ నుంచి వచ్చి బట్టల కొట్టు పెట్టుకున్న ముస్లిం కుటుంబానిది. ఆ ఇంటావిడకూ నా భార్యకూ ఏళ్ళ తరబడి స్నేహం. మా వంటింట్లోనే ఆవిడ తెలుగు నేర్చుకుంది. కిందటి చలికాలం ఒక మధ్యాహ్నం వచ్చి, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రా దీదీ. డైరీ రాసినప్పుడు ఈయనకి నెత్తి మీద ఇంజనెల్లినా ఇనపడదు," అంది నా భార్య.

వినపడింది. ఆవిడ మనవరాలికి ఏడేళ్ళు నిండాయి. వాళ్ళలో కొందరు ఆ వయసు ఆడపిల్లకు మర్మాంగం దగ్గర కొద్దిగా కోయిస్తారు. ఆవిడకూ చిన్నప్పుడు చేయించారు. ఇప్పుడు పిల్ల తల్లి వద్దని ఏడుస్తోంది. కలకత్తాలో ఉన్న ఈవిడ ముసలి అత్తగారు తీసుకురమ్మని రోజూ ఫోన్ చేస్తోంది. అక్కడ ఆ పని దగ్గరుండి జరిపించేది ఈవిడ ఆడపడుచు. కాదంటే బంధువుల్లో ఎవరూ గడప తొక్కనివ్వరు.

"మీలో ఇలాటివి లేవు దీదీ, మీకు తెలీదు."

"ఏటి లేవు? మా అత్త పసిపిల్లల పొట్ట మీద గాజు కాల్చి వాతలెట్టేది, జబ్బులు రావని. ఈయన పొట్ట మీదున్నాయి, సూస్తావా?"

నేను చొక్కా కిందికి లాక్కున్నాను.

"మరి మీ పిల్లలకి?"

"గాజు సల్లార్సి ముట్టించినాను. ముసలమ్మకి సూపానదు. పిల్లోడు ఏడవలేదని గిల్లినాను."

ఆవిడ నవ్వింది కానీ ముఖం తేటపడలేదు. ఆదివారం లోకల్ రైల్లో మనవరాలిని తీసుకుని కలకత్తా వెళ్ళింది. ఆ తర్వాత పక్కింటి గేటు చప్పుడైతే చాలు, నా భార్య కిటికీ దగ్గరికి పరుగెత్తేది.

మంగళవారం వచ్చారు. పిల్ల వాళ్ళ గేటెక్కి ఊగుతోంది. ఆవిడ మా వంటింట్లో కూలబడి, కళ్ళనీళ్ళతో నవ్వుతోంది.

"ఆడపడుచు పిల్లని గదిలోకి తీసుకెళ్ళింది. నేనూ దూరినాను. వద్దని ఆవిడ సేతులు పట్టుకున్నాను. 'అరవకు, అమ్మ వింటాది. నా మనవరాళ్ళకీ ఇంతే, ఏమీ కొయ్యకుండా జిలేబీ పెట్టి బయటికి పంపినాను. తెలిస్తే నువ్వు అమ్మకి సెప్పేస్తావని భయపడినాను' అంది. నాకు భయపడిందట, దీదీ!"

"మరి ఈ పిల్ల తమ్ముడికి?" అన్నాను, డైరీలోంచి తలెత్తకుండానే.

"వాడికి వచ్చే నెల ఆసుపత్రిలో సున్తీ. అది మతం, దాదా. అది వేరు."

ఎలా వేరని అడగబోయాను. "ఆ పిల్ల పడిపోతాది, సూడండి," అని నా భార్య నన్ను బయటికి తోలింది.

పిల్ల గేటు దిగనంది. ఊపమంది. ఊపాను.