ఉస్తాద్ కుర్చీ ఎటు తిరిగింది

ఇది రాసిపెట్టక తప్పదు. ఎందుకంటే మా ఉస్తాద్‌ను లైబ్రరీ పుస్తకంతో గండం గట్టెక్కించింది నేనేనని మెదక్‌లో ఇప్పటికీ కొందరు అనుకుంటారు. ఆ మాటను నేను చాలా ఏళ్ళు ఖండించలేదు కూడా. ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్ళు. పదో తరగతితో చదువు ఆపేసి, పగలంతా ఉస్తాద్ టైలరు దుకాణంలో కాజాలు కుడుతూ, సాయంత్రం లైబ్రరీలో చేతికందిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. అక్కడ మనిషి శరీరం గురించి ఉన్న ఒకే ఒక్క లావు తెలుగు పుస్తకాన్ని రెండుసార్లు పూర్తిచేశాను (జీర్ణకోశం మాత్రం మూడుసార్లు, అక్కడ రంగు బొమ్మలున్నాయి). అందుకే ఉస్తాద్ నన్ను పేరుతో పిలిచేవారు కాదు, 'లైబ్రరీ' అనేవారు.

పొద్దస్తమానం మిషను ముందు కూర్చుని, నీళ్ళు తాగకుండా, గిరాకీ వస్తే దొడ్డికి కూడా లేవకుండా ఉండే ఉస్తాద్‌కు మలబద్ధకం పట్టుకుంది. రంజాన్ ఇంకా రెండు నెలలుంది. టేక్మాల్ నుంచి, అల్లాదుర్గ్ నుంచి కూడా పండుగ బట్టలు ఆయన దగ్గరికే వచ్చేవి. గురువారం గురువారం హైదరాబాద్ నుంచి మా ఊరి దవాఖానాకు వచ్చే కడుపు డాక్టరు ఒక పరీక్ష చెప్పాడు. చిన్న రబ్బరు బెలూన్‌లో నీళ్ళు నింపి వెనక నుంచి లోపల పెడతారు, దాన్ని బయటికి తోసెయ్యాలి. తోయలేకపోతే కింది కండరాలు మాట వినడం లేదని లెక్క. అప్పుడు హైదరాబాద్‌లో వారాల తరబడి ఉండి ఆ కండరాలకు శిక్షణ ఇప్పించుకోవాలి. అంటే రంజాన్ సీజనంతా దుకాణానికి తాళం.

ఉస్తాద్‌ను దవాఖానా మంచం మీద ఎడమ పక్కకు పడుకోబెట్టారు. తెర ఇవతల నేను, కాంపౌండరన్న. ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు. చివరికి ఉస్తాద్ గొంతు వినిపించింది: "డాక్టర్ సాబ్, నా జిందగీల పండుకోని ఎన్నడు పోలే." డాక్టరు నవ్వాడు కానీ, వచ్చే గురువారం ఇంకోసారి చూసి హైదరాబాద్‌కు చీటీ రాస్తానన్నాడు. ఆ వారం ఉస్తాద్ ఒక షేర్వానీకి రెండూ ఎడమ చేతులే కత్తిరించారు. ఖాలా (ఉస్తాద్ భార్యను నేనలా పిలిచేవాణ్ణి) నన్ను పక్కకు పిలిచి, నీ పుస్తకాల్లో ఏమన్నా ఉందేమో చూడమంది.

ఇంకేం, నాకు రెక్కలొచ్చాయి. లైబ్రరీ చూసుకునే కళ్ళద్దాల సారు ఒక ఇంగ్లీషు వైద్య పుస్తకం తీసి నాకు అర్థం చెప్పాడు: పడుకుని చేస్తే బాగున్నవాళ్ళు కూడా ఆ పరీక్ష తప్పవచ్చు, కూర్చుంటే ఒంటి బరువు సాయం చేస్తుంది. అదంతా కొలతల పుస్తకంలో రాసుకుని, గురువారం డాక్టరుకు నిలబడి అప్పజెప్పాను. ఆయన కోప్పడలేదు. "నువ్వన్నది నిజమే తమ్మీ, కూసోబెట్టి గూడ చేస్తరు" అని, పైఅంతస్తు నుంచి కమోడ్ కుర్చీ తెప్పించాడు. తలుపు తీస్తే ఎవరికీ ఆయన ముఖం కనిపించకూడదని కుర్చీని కిటికీ ఉన్న గోడవైపు తిప్పి, కాళ్ళ కింద పీట కూడా నేనే పెట్టాను. ఉస్తాద్ కూర్చున్నారు. మళ్ళీ నిశ్శబ్దం. డాక్టరు కలం తీసి హైదరాబాద్ చీటీ మొదలుపెట్టాడు. నా కొలతల పుస్తకం చేతిలో బరువెక్కింది.

"లైబ్రరీ, ఇటు రా." తెర వెనక్కి వెళ్ళాను. నడుముకు దుప్పటి చుట్టుకున్న ఉస్తాద్ ఎదురుగా ఉన్న కిటికీని చూపించారు. "గా ఎండ ఎప్పటిదిరా?"

"సాయంత్రం ఎండ, ఉస్తాద్."

"మరి నా మొఖం ఎటుంది?"

పడమటికి ఉంది. "మొన్న మంచం మీద గూడ గిటే ఉండె. నమాజు చదివే కాబా దిక్కు మొఖం పెట్టుకోని గా పని ఎట్ల చేస్తరా నేను?"

మొన్ననే ఎందుకు చెప్పలేదని అడిగితే, పెద్ద డాక్టరు మంచాన్ని తప్పుపడితే ఏం బాగుంటుందన్నారు. మా ఊళ్ళో లెట్రిన్ కట్టే మేస్త్రీలు ముస్లింల ఇళ్ళలో దిక్కు అడగనిదే ఇటుక పెట్టరు. జీర్ణకోశం మూడుసార్లు చదివిన నాకు తట్టలేదు. ఉస్తాద్ లేస్తే పరీక్ష పాడవుతుందని కాంపౌండరన్న భయం. అందుకని ఇద్దరం చెరోపక్క పట్టుకుని, పెళ్ళి పల్లకీలా, ఆయనతో సహా కుర్చీని ఎత్తి ఉత్తరానికి తిప్పాం. నేను తెర దాటకముందే 'టప్' మని చప్పుడైంది. ఉస్తాద్ బయటికొచ్చి, ముందు చేతులు కాళ్ళు కడుక్కున్నారు.

డాక్టరు చీటీ చించేశాడు. కండరాలు బాగానే ఉన్నాయి, నీళ్ళు తాగండి, గిరాకీ ఉన్నా సరే, వచ్చినప్పుడు లేవండి అన్నాడు. కూర్చోవడం వల్ల గెలిచారో, తిరగడం వల్ల గెలిచారో నాకిప్పటికీ తెలియదు. ఆ రంజాన్‌కు దుకాణం మూతపడలేదు, అంతే.

అడిగిన ఖాలాకు, చదివి చెప్పిన కళ్ళద్దాల సారుకు, విన్న గురువారం డాక్టరుకు, నడుము పట్టేసినా కుర్చీ వదలని కాంపౌండరన్నకు షుక్రియా. అందరికంటే ఎక్కువ ఉస్తాద్‌కు. మొన్న నా సొంత దుకాణం వెనక లెట్రిన్ కట్టిస్తుంటే, ఎటు పెట్టమంటావని మేస్త్రీ అడిగాడు. ఏ పుస్తకమూ తియ్యకుండానే ఉత్తరం అన్నాను. ఉస్తాద్ కర్ర పట్టుకుని చూడడానికొచ్చారు. తలెత్తి ఎండ ఎటుందో ఒకసారి చూసుకున్నారు.