బొగ్గు దుమ్ము మీద కట్టిన రాక్ పాట

భూపాలపల్లిలో మా డ్రమ్మర్ ఇంటికి నేను మొదటిసారి వెళ్ళిన రోజు వాళ్ళమ్మ దండెం మీది బట్టలు విదిలిస్తూ బొగ్గు గనిని తిడుతోంది.

"తెల్లగ ఆరేస్తి, నల్లగ దించుకుంటి. కూట్లె దుమ్మే, గొంతుల దుమ్మే. ఎన్నొద్దులు మింగాలె బిడ్డా గీ దుమ్ము?"

జనగామకు తిరిగొచ్చే బస్సులోనే ఆ మాటలకు వరస కుదిరింది. మా రాక్ బ్యాండ్‌లో ముగ్గురమే. పాడేది నేను, డ్రమ్స్ అతను, గిటార్ మహబూబాబాద్‌లో ఉండే నా స్నేహితురాలు. మా మేడ మీది గదిలో కిటికీలకు పరుపులు ఆనించి పాట రికార్డు చేశాం. గిటార్ తుప్పు పట్టిన రేకును గీకినట్టు మోగాలనుకున్నాం, మోగింది. నా గొంతు చివరికి బొంగురుపోయింది. దాన్నీ అలాగే ఉంచేశాం. డ్రమ్మర్ వాళ్ళమ్మనడిగి ఆమె దగ్గును కూడా పాట చివర కలిపాం.

"నా దగ్గు గూడ పాటనేనా?" అని ఆమె నవ్వింది.

పాటను విడుదల చేస్తామని నగరంలో ఒక మ్యూజిక్ కంపెనీ ముందుకొచ్చింది. వీడియో కూడా వాళ్ళే తీస్తామన్నారు. అక్కడి పెద్దమనిషి పాట విని, "యాస భలే ఉందమ్మా! జనం పడీపడీ నవ్వుతారు" అన్నాడు.

"నవ్వుడెందుకు సార్? గది కోపంతోని కట్టిన పాట."

"అదేలేమ్మా, అదే" అన్నాడు, నా మాట వినకుండానే.

విడుదలైన రోజు మహబూబాబాద్‌లో నా స్నేహితురాలి ఇంట్లో అందరం కూర్చుని ఫోన్లో చూశాం. డ్రమ్మర్ వాళ్ళమ్మ కూడా వచ్చింది. వీడియోలో ఒక హాస్యనటుడు చీర కట్టి, మొహానికి మసి పూసుకుని, తొడలు చరుచుకుంటూ ఎగురుతున్నాడు. దగ్గు వినిపించే చోట నోట్లోంచి నల్లటి పొడి ఊదాడు. దాని మీద నవ్వులు కలిపారు.

"గా దగ్గు నాదేనా?" అంది ఆమె.

"నీదే చిన్నమ్మా" అన్నాను.

"గట్లనా."

కాసేపటికి ఆమెకు దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళి దగ్గింది. కొడుకు వెనకాలే వెళ్ళబోతే చేత్తోనే వద్దంది.

నేను కంపెనీకి ఫోన్ చేసి వీడియో తీసెయ్యమన్నాను.

"తీసెయ్యడమేంటమ్మా? పిల్లలు రీల్స్ చేస్తున్నారు. మీకు పేరొస్తుంటే ఏడుస్తారేం?"

ఆ పెద్దమనిషి గొంతులోని జిగట నా చెవికి అంటినట్టనిపించి చున్నీతో తుడుచుకున్నాను.

మేం ముగ్గురం ఆ పాటను మళ్ళీ పాడలేదు. కానీ అది చావలేదు. ఈమధ్య జఫర్‌గఢ్‌లో మా బంధువుల పెళ్ళి బరాత్ ఊరేగింపులో డీజే దాన్నే వేశాడు. పట్టుబట్టలు కట్టుకున్న మావాళ్ళు, నా గొంతుకు, వీడియోలో నటుడిలాగే వంకరటింకరగా ఎగిరారు. మా మామ చెమట చేత్తో నన్ను లాగాడు.

"నీ పాటనే గద బిడ్డా, ఒక్క స్టెప్పెయ్యి!"

"గది నా పాట గాదు మామా. చెయ్యి ఇడువు."

"గింత పొగరా?" అన్నాడు.

విడిపించుకుని, భోజనం చెయ్యకుండానే జనగామ బస్సెక్కాను.