ఒకే గిన్నెలో ముగ్గురికి టీ

గండికోట దారిలో శివశంకర్ అతిథిగృహం ఉంది. కాపలా, ఊడ్పు, చెట్లకు నీళ్లు, అన్నీ ఓబుళేశే. పత్తికొండ మార్కెట్లో ముప్పయ్యేళ్లు టమోటా గంపలు మోసి, నడుము పోయాక ఇక్కడ చేరాడు. శివశంకర్ కూతురు హర్షిణి జపాన్‌లో టీ ధ్యానం నేర్చుకొని వచ్చి, పెరట్లో అందుకో గది కట్టించింది. రెండేళ్లుగా ఆ గదిలో పరిచిన చాపలు తుడుస్తున్న ఓబుళేశుకు ఒక్కసారి వాటి మీద కూర్చోవాలని కోరిక. శివశంకర్ స్నేహితుణ్ని కదా, నాతో చెప్పాడు, నేను హర్షిణితో చెప్పాను.

ఆ గదికి పొట్టి తలుపు. పూర్వం జపాన్‌లో ఎంతటి యోధుడైనా కత్తి బయట పెట్టి, మోకాళ్ల మీద దూరాల్సిందేనట. లోపల అందరూ సమానం. సమానత్వం మీద ఉపన్యాసాలిస్తూ ఈ ముక్క ఎన్ని ఊళ్లలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

"ఇంత దుడ్లు పెట్టి తలుపుకాడ పీనాసితనం చేసినారే," అంటూ దూరాడు ఓబుళేశు.

వరసగా ఓబుళేశు, శివశంకర్, నేను. అంబలంత చిక్కటి పచ్చని టీ, ఒకే గిన్నె. రెండు గుక్కలు తాగి, అంచు తుడిచి, పక్కవాళ్లకివ్వాలి. ఓబుళేశు అలవాటుగా నోటికి తగలకుండా గిన్నె ఎత్తి పట్టాడు.

"కరుచుకొని తాగు తాతా," అంది హర్షిణి.

తాగాడు. గిన్నెతో సహా లేచాడు. బయట కొళాయి దగ్గర మా ఇద్దరి టీ పారబోసి, గిన్నె కడిగి, గోడ మీద బోర్లించి వచ్చి కూర్చున్నాడు.

హర్షిణి అడిగింది, "ఎందుకు కడిగినావు?"

"నేను తాగింది నేనే కడగాల కదమ్మా. మా ఊరి హోటల్లో నా గ్లాసు చూరులో ఉండేది. తాగి, కడిగి, మళ్లా ఆడనే పెడతాంటి." అంతలో తను చేసింది తెలిసి అతని ముఖం పాలిపోయింది. "ఇంగ నన్ను ఈ గదిలోకి రానీవేమోమ్మా."

హర్షిణి గోడ మీది గిన్నె తెచ్చి మళ్లీ టీ చిలికింది. ఓబుళేశు తాగి, అంచు మూడుసార్లు తుడిచి, రెండు చేతులతో శివశంకర్‌కు అందించాడు.

శివశంకర్ గిన్నెను చూశాడు. "నాకు బీపీ ఉండాది. టీ నిలిపేసినా."

ఆ పొద్దునే మేమిద్దరం మెట్ల మీద కూర్చొని రెండేసి గ్లాసులు తాగాం. హర్షిణి తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

నేను చెయ్యి చాచాను. వెంటనే చాచానని చెప్పలేను.

"శానాసేపు ఆలోచించినావప్పా. చల్లారిపోతాది," అని ఓబుళేశు గిన్నె వెనక్కి తీసుకున్నాడు.

మిగిలిన టీ అంతా తనే తాగాడు, తొందర లేకుండా, కళ్లు మూసుకొని. ఈసారి గిన్నె కడగడానికి లేవలేదు; చాప మీద పెట్టి కదలకుండా కూర్చున్నాడు.

ముందుగా లేచింది శివశంకరే.