కలివి కొమ్మ, గుర్తించినవారి పేరు

ఆ రోజుల్లో నాకు తెలియని మొక్క భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. ఎమ్మెస్సీ బోటనీ పట్టా చేతికొచ్చి నాలుగు నెలలు కాలేదు. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో నందిగామ వెళ్లి ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. రెండు వారాల్లో తనిఖీ ఉందని, ఈ చుట్టుపక్కల అడవి పళ్ల మొక్కలతో హెర్బేరియం షీట్లు (కొమ్మను ఎండబెట్టి అట్టకి అంటించి, పక్కన వివరాలు రాసేవి) తయారు చేయమని ప్రిన్సిపాల్ గారు పురమాయించారు. "తప్పుల్లేకుండా చూడండమ్మా. మీ పర్మనెంటు సంగతి ఆ తర్వాత మాట్లాడదాం" అన్నారు.

పేట బయట రోడ్డు వారన ఒక ముళ్ల కొమ్మ తుంచుకొచ్చాను. ఎదురెదురు ఆకులు, జంట ముళ్లు. పువ్వూ లేదు, కాయా లేదు. అయినా కలివి అని తీర్పు చెప్పేశాను. (ఫోన్‌లో యాప్ దాన్ని ఒకసారి నిమ్మ అంది, ఇంకోసారి గులాబీ అంది. దాంతో నా మీద నాకు గౌరవం మరింత పెరిగింది.) ల్యాబు ఊడ్చే ఆయమ్మ చీపురు ఆపి తొంగి చూసింది.

"ఇది కలివి కాదు మేడమ్ గారూ, బలుసండి."

"ఎట్లా చెప్తున్నావ్ ఆయమ్మా?"

"ఆకు తుంచి చూడండి. కలివైతే పాలు కారాలిగా!"

తుంచాను. పాలు కాదు కదా, చెమ్మ కూడా లేదు. చెమటలు మాత్రం నాకు పట్టాయి.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయమ్మ నన్ను వీరులపాడు దగ్గర తన ఊరికి తీసుకెళ్లింది. నేను పొలాల వైపు నడుస్తుంటే చెయ్యి పట్టి ఆపింది. "నీళ్లు నిలిచే చోట ఉండదండి అది. గులకరాళ్ల దిబ్బ కావాలి దానికి." దిబ్బెక్కితే నిజంగానే ఉంది, నల్లటి పళ్లతో. ఆకు తుంచగానే తెల్లటి పాలు! నా చున్నీ ముళ్లకు చిక్కుకున్నా పట్టించుకోకుండా పండినవీ పండనివీ నోట్లో వేసుకున్నాను. పచ్చివాటి జిగురుకి పెదాలు రెండూ అంటుకుపోయాయి. ఆయమ్మ పడీ పడీ నవ్వింది.

షీటు మీద 'పెరిగే చోటు' దగ్గర ఆయమ్మ మాటలే రాశాను. 'గుర్తించినవారు' దగ్గర పెన్ను ఆగింది. "నీ పేరు రాయనా?" అన్నాను. "నా పేరెందుకండీ, ముందు మీ ఉద్యోగం చూసుకోండి" అంది. నేను రెండోసారి అడగలేదు. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు, నా ఉద్యోగం నిలబడింది.

ఆయమ్మ మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఏటా కొత్త పిల్లల ముందు ఆ షీటు పెట్టి, ఇందులో ఒక తప్పుంది పట్టుకోండి అంటాను. వాళ్లు ఆకులు చూస్తారు, ముళ్లు చూస్తారు, నా పేరు వైపు ఒక్కరూ చూడరు. చివరికి నేనే వేలు పెట్టి చూపించి ఆయమ్మ పేరు చెబుతాను. అక్కడ తన పేరు రాసుకున్న ఆనాటి చిన్న మేడమ్ మీద కోపం మాత్రం రాదు. జిగురు వదిలినా నోరు తెరవలేకపోయిన పిల్ల కదా అని నవ్వొస్తుంది.