కోడలి బిళ్ళలు

ఒకసారి మా ఏఎన్ఎంలందరికీ శిక్షణ పెట్టారు. ఏసీ గది, బిస్కెట్లు, తెర మీద బొమ్మలు. కొత్త డాక్టరమ్మ ఒక్కొక్కరినీ లేపి, "ఇంటింటికీ తిరిగి టీకాలు వేస్తారు, మాత్రలు ఇస్తారు కదా, ఆ ఓపిక మీకు ఎక్కణ్ణించి వస్తుంది?" అని అడిగింది. అందరూ "సేవాభావం మేడమ్" అన్నారు. నేను మాత్రం "కోపం మేడమ్" అన్నాను. ఆమె నవ్వేసి పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను నవ్వులాటకి చెప్పలేదు.

చాలా ఏళ్ళు కాన్పుల గదిలో పనిచేసి, నడుం పట్టేసి, గోపాలపట్నం వీధుల్లోకి మారాను. కాన్పుల గదిలో నేను మహారాణిని. బిడ్డ కేర్‌మంటే చాలు, స్వీటు డబ్బా నా చేతిలో ఉండేది. వీధుల్లో పడ్డాక చూడండి నా వైభవం. రాని జబ్బుకి స్వీట్లెవరు పంచుతారు? నన్ను చూడగానే పిల్లలు మంచాల కిందికి దూరతారు. తలుపు వెనక నుంచి "ఇంట్లో ఎవలూ నేరు" అని ఎవరో చెబుతారు.

అక్కడ ఇడ్లీ బండి పెట్టుకున్న ఒక పిన్ని ఉండేది. ఆవిడ కోడలికి ఏడో నెల, తొలిచూలు. కంటి కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టుంది. పరీక్షలో కూడా రక్తం బాగా తక్కువని తేలింది. అలాంటి పిల్లనే కాన్పుల గదిలో ఒకసారి చూశాను. కాన్పు బాగానే అయింది. ఆ తర్వాత కొంత నెత్తురు పోయింది. గట్టి మనిషైతే తట్టుకునేది. ఆ పిల్ల మా చేతుల్లోనే పోయింది. ముందు నుంచీ ఎవరైనా దగ్గరుండి రక్తం బిళ్ళలు మింగించి ఉంటే బతికేది. నా కోపం ఆ రోజుది.

అందుకే ఈ పిల్లకి బిళ్ళలిచ్చి, వాళ్ళ అత్తకి మరీమరీ చెప్పాను. "నాను దగ్గరుండి ఏయిత్తాను గదా సిస్టరమ్మా, నువ్వెల్లు" అంది పిన్ని. వెళ్ళినప్పుడల్లా ఖాళీ అట్టలు చూపించేది. ఇలాంటి అత్త వీధికొకతె ఉంటే చాలని మా వాళ్ళ దగ్గర గొప్పలు కూడా చెప్పాను. కానీ మళ్ళీ పరీక్ష చేయిస్తే కోడలి రక్తం పిసరంత కూడా పెరగలేదు. పిన్ని మాత్రం మహా హుషారుగా ఉంది. అంతకుముందు స్టూలు మీద కూలబడి పిండి పోసే మనిషి, ఇప్పుడు రెండు చేతులా నీళ్ళ బిందెలు మోస్తోంది, బండికి అడ్డం పెట్టిన ఆటోవాళ్ళ మీద గొంతు చించుకుంటోంది.

ఒక పొద్దున్న నన్ను బండి వెనక్కి లాక్కెళ్ళింది.

"సిస్టరమ్మా, నాకేటో పెద్ద జబ్బే సేసింది. బయటికెల్తే నల్లగా తారులాగ అవుతంది. నాను పోతే ఈ బండి గతేటి?"

నా బుర్రలో అప్పటికి వెలిగింది. ఐరన్ బిళ్ళలు మింగితే అలాగే నల్లగా అవుతుంది.

"పిన్నీ, కోడలి బిళ్ళలు ఎవరు మింగుతున్నారు?"

పిన్ని చట్నీ గరిటె వైపు చూసింది. "అయి మింగితే పిల్ల నల్లగా పుట్టెత్తాదన్నారు. అలాగని మందు పారేత్తే పాపం కాదేటి? అందుకే నానే మింగేత్తన్నాను. మోకాళ్ళు కూడా బాగున్నాయి."

"నీకొచ్చిన నలుపు నీ కోడలికి రావాలి పిన్నీ" అని ఎత్తుకున్నాను. నా తిట్లకి ఇడ్లీ తినేవాళ్ళు నోట్లో ముద్దతో ఆగిపోయారు. తిట్లయ్యాక, కాన్పుల గదిలో పోయిన ఆ పిల్ల సంగతి చెప్పాను. పిన్ని కింద కూర్చుండిపోయింది.

"నల్లగా పుడితే పుట్టనీ. నాకు నా కోడలుండాల" అంది.

మర్నాటి నుంచి కోడలి బిళ్ళ వీధి పండగైపోయింది. పొయ్యి వెలిగించకముందే పిల్లని స్టూలు మీద కూర్చోబెట్టి, నిమ్మకాయ నీళ్ళతో బిళ్ళ మింగించి, నాలుక ఎత్తించి చూసేది పిన్ని. మింగిందో లేదో స్టీల్ ప్లాంటు బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తొంగి చూసేవారు. కొన్నాళ్ళకి నన్ను రోడ్డుకి అవతల చూసి, "సిస్టరమ్మా, కోడలికి నలుపొచ్చింది" అని పిన్ని వీధంతా వినపడేలా కేకేసింది. ఆ పిల్ల సిగ్గుతో మూడు రోజులు బండి దగ్గరికి రాలేదు. రక్తం మాత్రం పెరిగింది.

నెలలు నిండాక ఒక రోజు బండి కనపడలేదు. ఉన్నపళాన బస్సెక్కి ఆస్పత్రికి పోయాను. కాన్పుల గదిలో డ్యూటీ సిస్టర్ ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే. గోపాలపట్నం ఇడ్లీ బండి వాళ్ళ కోడలు ఎలా ఉందని అడిగాను.

ఆ అమ్మాయి ఆలోచించింది. "ఏ కేసక్కా? గుర్తు రావట్లేదు. నిన్న అన్నీ మామూలుగానే అయిపోయాయి. అందరూ వార్డులో ఉన్నారు."

కాన్పుల గదిలో మాకు గుర్తుండేవి ఎలాంటి కేసులో నాకు తెలుసు. బయటికొచ్చి బెంచీ మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అటుగా వచ్చిన వాచ్‌మన్ ఆగిపోయాడు.

"ఎవలు పోయినారమ్మా?"

"ఎవరూ పోలేదు" అన్నాను.