గ్లాసు మీద ఆకు మూల

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇంట్లో వస్తువు చోటు మారితే ఎవరు మార్చారని అడుగుతాను గాని, ఏది మార్చిందని అడగను. డెబ్బై నాలుగేళ్లలో లెక్క తేలనిది ఇదొక్కటే.

కిందటి ఏడు వైశాఖ బహుళ తదియ, మా ఆయన తిథి. మా చెల్లెలి కొడుకు శ్రీను గల్ఫ్ నుంచి సెలవు మీద అంబాజీపేట వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. అక్కడొక హోటల్లో వైన్ వడ్డించడం వాడి పని. ఏ వైన్‌కు ఏ కూర నప్పుతుందో వాసన, రుచి చూసి చెప్పాలి. ఒక జ్వరం వచ్చి తగ్గాక వాడి ముక్కు పనిచేయడం మానేసింది. కిరసనాయిలు పెట్టినా తెలిసేది కాదు. ఆ సంగతి హోటల్లో దాచాడు.

కొత్త మెనూ కోసం, ఒక ఫ్రాన్సు ఎర్ర వైన్‌కు జోడీగా ఆంధ్ర వంటకం ఒకటి ఆ సాయంత్రంలోగా ఎంచి పంపమని వైన్ వడ్డించే వాళ్లందరికీ చెప్పారు. ఎంపిక తప్పితే ఉద్యోగం పోతుంది. మూడు రకాల ద్రాక్ష కలిపి చేసిన వైనట, సీసా వెంట తెచ్చుకున్నాడు. వాసన చూడమని నన్ను బతిమాలాడు. నేరేడుపండు, వెనకే గట్టి వగరు వాసన. అంతకు మించి నాకు తెలియలేదు.

"రొయ్యలని రాసేస్తానండి పెద్దమ్మా. కోనసీమంటే రొయ్యలే కదా" అని గ్లాసు అందుకున్నాడు.

"మీ పెదనాన్నగారికి పెట్టకుండానే?"

"ఆయ్. ఫ్రాన్సు సరుకు ఆయనకి ఎక్కుద్దంటారా?"

"ఇప్పుడు నీకంటే ఆయన ముక్కే నయం రా" అన్నాను.

తిథినాడు మా ఇళ్లలో పోయినవారికి ఇష్టమైనవన్నీ, మందుతో సహా, ఫోటో ముందు ఆకులో వడ్డించి తలుపు మూస్తాం. వారు తిన్నాకే మేము. అరటాకు నేనే కోశాను. ఎడమ పక్క వేట మాంసం, అదే మేక కూర, కుడి పక్క రొయ్యల ఇగురు వడ్డించాను. శ్రీను గ్లాసులో వైన్ పోసి రొయ్యల దగ్గర పెట్టాడు. కిటికీ గడియ వేసి, తలుపుకు బయట గొళ్లెం పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చున్నాను. శ్రీను నా ఎదురుగా కూర్చున్నాడు.

కాసేపటికి లోపల ఆకు చిరిగిన చప్పుడైంది. తర్వాత గాజు నేలకు ఆనిన చప్పుడు.

"పిల్లి అయ్యుంటది" అన్నాడు శ్రీను. లేవబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని గొళ్లెం తీశాను.

లోపల ఎవరూ లేరు. కిటికీ గడియ వేసినట్టే ఉంది. గ్లాసు మాత్రం మాంసం పక్కన ఉంది. వైన్ వేలెడు తగ్గింది. గ్లాసు మీద చిన్న ఆకుముక్క మూతలా ఉంది. అరటాకు మూల చిరిగి ఉంది.

ఈగలు పడకుండా మా ఆయన తన కల్లు గ్లాసును అలాగే, ఆకు మూల చింపి మూసేవారు. ఆ అలవాటు శ్రీనుకూ తెలుసు. కాని వాడు నా కళ్లెదుటే ఉన్నాడు.

శ్రీను మాంసం కూర అని రాసి పంపాడు.

అంత వగరు వైన్ రొయ్యలతో తాగితే నోట్లో ఇనుము నాకినట్టుంటుందని, రొయ్యలు రాసినవాళ్లను పక్కన పెట్టేశామని హోటల్ వాళ్లు తర్వాత చెప్పారట. శ్రీను ఉద్యోగం నిలిచింది. మా ఆయన జన్మలో వైన్ ముఖం చూడలేదు. ఆయనకు ఎలా తెలిసిందని అడగాలో, అసలు ఎవరని అడగాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ ఏడు తిథికి ఆకు మూలలన్నీ తడిమి చూసి వేశాను. తలుపు తీసి ముందు వాటినే చూశాను. ఏదీ చిరగలేదు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు.